ఇద్దరు భాగస్వాములు, ఒక తొట్టి

చెవులు మొదటిసారి నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేను నెలవారీ నివేదిక రాస్తున్నాను. మోదుగాకులో చుట్టిన చిన్న పొట్లం. విప్పితే రెండు గొర్రె చెవులు, ఎండి ముడుచుకుపోయి ఉన్నాయి. ఒక్కోదాని అంచున కత్తితో కోసిన పాత గాటు. తెచ్చిన ముసలాయన గొంగడి భుజాన వేసుకుని గడప బయటే నిలబడ్డాడు.

"గివి సేటుకు సూపియ్యి సారూ. నేనొచ్చి పోయిన్నని చెప్పు."

"ఇవేంది?"

"చెవులు."

"చెవులని కనబడుతనే ఉన్నది. ఇక్కడికెందుకు తెచ్చినవు?"

ఆయన నా చేతిలోని పెన్నునూ, గోడకు వేలాడుతున్న నా డిప్లొమా పటాన్నీ చూశాడు. "సదువుకున్నోనివి గద, తెలుస్తది తియ్యి," అని కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

తెలియలేదు. నేను పాలమూరు పట్నంలో పుట్టి హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. ఆవిరి పీడనం తెలుసు, బెల్టు జారుడు తెలుసు. చెవుల గురించి మాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు.

అరవైల మొదట్లో సంగతి ఇది. నకిరేకల్ నుంచి కొన్ని మైళ్ళ దూరంలో రోడ్డు పక్కన ఒక ఆముదం మిల్లు ఉండేది. ఆ నేలల్లో వాన సరిగా పడకపోయినా పండేది ఆముదమొక్కటే కాబట్టి గింజలకు కొదవలేదు. మిల్లు యజమానిని అందరూ సేటు అనేవారు, నేనూ అనేవాణ్ణి. నేను అక్కడ సూపర్వైజరును. అంటే బాయిలరు నుంచి ఉత్తరాల దాకా ఇంగ్లీషుతో పని ఉన్నవన్నీ నావి.

సేటుకు రెండు భాగస్వామ్యాలు ఉండేవి. మొదటిది సముద్రం అవతల ఒక పెద్ద కంపెనీతో. ఆ కంపెనీకి నాలుగైదు దేశాల్లో ఇలాంటి మిల్లుల్లో వాటాలు ఉన్నాయట. యంత్రాలు వాళ్ళవి, భూమి, షెడ్డు, గింజల కొనుగోలు సేటువి, నూనె వాళ్ళే కొంటారు. ఒప్పందం ఇరవై ఒక్క పేజీలు, స్టాంపు కాగితం మీద టైపు చేసింది. ప్రతి పేజీ కిందా సేటు సంతకం ఉండేది. ఒక్క పేజీ కూడా ఆయన చదవలేదు.

రెండో భాగస్వామ్యం ఆ గొంగడి ముసలాయనతో. దీనికి కాగితం లేదు. గొర్రెలను పాలుకు, అంటే వాటాకు, ఇవ్వడం అంటారు. తల్లిగొర్రెలు సేటువి, మేపేది ఆయన. పుట్టిన పిల్లలు చెరిసగం. ఉన్ని మేపినవాడిది. రోగమొచ్చి గొర్రె చస్తే ఆ నష్టం ఇద్దరిదీ. మేపినవాడి అజాగ్రత్త వల్ల చస్తే బదులు గొర్రె ఇవ్వాలి. అమ్ముకుని చచ్చిందని చెప్పకుండా ఉండడానికి, సేటు గాటు ఉన్న చెవిని కోసి తెచ్చి చూపించాలి. ఇదంతా నాకు ఆ సాయంత్రం బాయిలరు దగ్గరి మనిషి చెప్పాడు. నేను నోటుపుస్తకంలో నంబర్లు వేసి రాసుకుని చూస్తే అరపేజీకి మించలేదు. ఇరవై ఒక్క పేజీలలో ఉన్న విషయాలే, అందులో లేనిది చెవి ఒక్కటే.

ఇక తొట్టి సంగతి. ఆ ఎండాకాలం మొదట్లో కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాళ్ళ దేశంలో ఏదో నదిలో చేపలు చచ్చాయట, పత్రికల్లో గొడవైందట. ఇకమీదట తమ భాగస్వాముల మిల్లులన్నిటిలోనూ వాడిన నీటిని శుభ్రం చేసి బయటికి వదిలే ఏర్పాటు ఉండాలని, లేకపోతే ఒప్పందం పొడిగించడం కష్టమని రాశారు. వెంట ఒక నమూనా పటం, ఆచరించవలసిన అంశాల జాబితా పంపారు.

జాబితా చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. పదిహేడు అంశాలు, ఒక్కటీ అస్పష్టంగా లేదు. మూడు అరల తొట్టి, ఇంత లోతు, ఇంత వాలు, ఇంత సున్నం. నూనెను నీళ్ళతో మరగబెట్టి మడ్డి తీశాక మిగిలే మురికినీరు మొదటి అరలోకి వచ్చి, రెండో అరలో సున్నంతో కలిసి, మూడో అరలోంచి తేరుకుని బయటికి, మిల్లు వెనక ఒర్రె అనే చిన్న వాగులోకి పోతుంది. పదకొండో అంశం ప్రకారం పైపుల్లో నీరు గడ్డకట్టకుండా వాటికి మందంగా గుడ్డ చుట్టాలి. నల్లగొండ జిల్లాలో ఏప్రిల్ నెలలో నేను పైపులకు రెండు వరుసల గోనె చుట్టించాను. అంశాన్ని వదిలేయడానికి నాకు అధికారం లేదు. అలా అనుకుని చుట్టించాను.

తొట్టి ఎక్కడ కట్టాలో జాబితాలో లేదు. అది సేటు నిర్ణయించాడు.

"రోడ్డు మీదికే కట్టు ఇంజనీరు సాబ్. రేపు కంపెనీ దొర సూడ వచ్చి కారు దిగంగనే కనబడాలె."

"నీళ్ళు పోయేది వెనక ఒర్రెలోకి కదా సేటూ. వెనక కడితే పైపు ఖర్చు తగ్గుతది."

"ఎనక కడితె ఎవడు సూస్తడు? లక్షణంగ కట్టి దాసిపెట్టుకునుడు ఏం అక్కెర?"

ముందు భాగంలో అప్పటిదాకా ఆముదపు చెక్క కుప్పలు ఉండేవి. నూనె తీశాక గింజలో మిగిలే పిప్పి అది. పొలానికి మంచి ఎరువు, పశువు తింటే విషం. రైతులు బండ్లు కట్టుకొచ్చి రోడ్డు మీదినుంచే ఎత్తుకుపోయేవాళ్ళు. తొట్టికి జాగా కావాలి కనుక కుప్పలను జరపాలి. నేను మా పనుల జాబితా ఒకటి తయారు చేశాను. అందులో నాలుగోది: చెక్క కుప్పలను మిల్లు వెనకకు తరలించుట. రెండు రోజుల్లో తరలించి, దాని ఎదుట టిక్కు పెట్టాను.

తొట్టి పూర్తయ్యాక మూడో అరలోంచి వచ్చే నీటిని గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూశాను. తేటగా ఉంది. వాసన లేదు. ఒక చిన్న చేపను అందులో వేసి రెండు రోజులు ఉంచాను, బతికింది. "వదిలే నీరు పశువులకు హానికరం కాదు" అని రాసి, సంతకం చేసి, ఒక నకలు కంపెనీకి పంపి, ఇంకొకటి ఆఫీసు గోడకు అంటించాను.

తొలకరి పడిన పది రోజులకు మొదటి చెవులు వచ్చాయి. తరువాతి వారం మూడు. ఆ తరువాతి వారం మళ్ళీ రెండు. పారుడు, అంటే విరేచనాలు పట్టి, కడుపు ఉబ్బి, రెండు రోజుల్లో చస్తున్నాయట.

ముసలాయన మూడోసారి వచ్చినప్పుడు భార్య కూడా వెంట వచ్చింది. సేటు గద్దె మీద ఉన్నాడు.

"ఏందయ్యా, వారానికో పొట్లం తెస్తానవు," అన్నాడు సేటు. "చెవులు ఉంచుకోని మిగిలిన గొర్రె సంతకు పోతాందా ఏంది?"

ముసలాయన ముఖం నల్లబడింది. జవాబు ఆయన భార్య ఇచ్చింది. "సేటూ, నీ మామ కాలం నుంచి మేపుతానం. ఒక్క గొర్రె అమ్ముకున్నమని ఎవడన్న అన్నడా? నీ మిల్లు నీళ్ళు తాగి సస్తానయి. ఆ కొత్త తొట్టి కట్టినంకనే గదా మొదలైంది!"

"తొట్టి నీళ్ళా?" సేటు నవ్వి గోడ వైపు చేయి చూపాడు. "అదుగో, ఇంజనీరు సాబు కాయితం రాసి అంటిచ్చిండు. నీళ్ళు మంచియే. దొరలకు గూడ పోయింది ఆ కాయితం. సదువు ఇంజనీరు సాబ్, ఇనిపియ్యి."

నేను చదివి వినిపించాను. స్పష్టంగా, తడబడకుండా చదివాను. అప్పటికి నాకది కేవలం నిజం.

"ఇన్నవా?" అన్నాడు సేటు. "నీళ్ళది తప్పు కాదు. ఇగ మిగిలింది నీ మేపుడే. దసరా దాంక సూస్త. మల్ల ఒక్క చెవి వచ్చిందంటె మందంత తోలుకొచ్చి నాకు అప్పజెప్పు. సచ్చినయాటికి నీ పాలు పిల్లలల్లకెల్లి ఇయ్యి."

అంటే ముసలాయన వాటాకు వచ్చిన పిల్లలన్నీ పోయినట్టే. పదిహేనేళ్ళుగా పెంచుకున్న సగం మంద అది. ఆయన గోడ మీది కాగితాన్ని కాసేపు చూశాడు. చదవడం రాదు. అయినా చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"సారూ, నువ్వు ఒక్క దినం మా ఎంట రా. గొర్ల ఎంట నడువు. అవి ఏం తింటానయో, ఏడ తాగుతానయో నువ్వే రాసుకో. రాసుడు నీకు వచ్చు గదా."

ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేదని తరువాత అనిపించింది, అప్పుడు నేను నిరాకరించగలిగేవాణ్ణి.

ఆదివారం వెళ్ళాను. నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుని వెళ్ళాను: సమయం, స్థలం, మేత, నీరు. మొదటి గంటలోనే ఆ గళ్ళు పనికిరావని తేలింది. గొర్రె ఒక చోట నిలబడి తినే జీవి కాదు, నడుస్తూ కొరుకుతుంది. ముసలాయన భార్య సద్ది మూట నెత్తిన పెట్టుకుని వెనక నడుస్తూ నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

"సారూ, ఒకమాట అడుగుత, ఏమనుకోకు. ఆ తొట్టి పైపులకు గోనె ఎందుకు కప్పిన్రు? సలి పెడతాందా?"

"గడ్డకట్టకుండ."

"ఏం గడ్డ?"

"నీళ్ళు గడ్డ."

ఆమె ఆగి, ఆకాశం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మూట సర్దుకుని నడక సాగించింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒర్రె వెంబడి మిల్లు కిందికి చేరాం. తొట్టి నుంచి వచ్చే పైపు ఒర్రెలో కలిసే చోట మంద ఆగింది. ముందుండే ముసలి గొర్రె మూతి పెట్టి తాగింది. వెనకవి తాగాయి.

"సూసినవా," అన్నాడు ముసలాయన. "గియ్యే నీళ్ళు."

"ఇవి తాగితే ఏం కాదు కాకా. నేను పరీక్ష చేసిన."

"మరి ఎందుకు సస్తానయి?"

ఇద్దరం మాటామాటా అనుకుంటూ ఉండగా ఆయన భార్య అరిచింది: "అయ్యో, అటు పోతానయి, మలపుండ్రి!" వెనక పడిన నాలుగు గొర్రెలు గట్టు ఎక్కి, మిల్లు వెనక వైపు పోతున్నాయి. ఆమె పరుగెత్తింది, మేమూ పరుగెత్తాం.

గట్టు మీదినుంచి చూస్తే అంతా కనబడింది. మిల్లు వెనక ఆముదపు చెక్క మూడు కుప్పలు, మనిషెత్తున. నేను తరలించినవే. ధర ఇంకా పెరగాలని సేటు ఆ ఏడు చెక్క అమ్మకుండా ఆపాడు. వాన పడ్డప్పుడల్లా కుప్పల అంచులు కరిగి, జావలా కారి, ఒర్రె ఒడ్డున ఒక గుంటలో నిలిచాయి. గుంట చుట్టూ ఎరువుకు పచ్చిక ఏపుగా మొలిచింది. ఆ తాలూకా మొత్తంలో అంత లేత పచ్చిక ఇంకెక్కడా లేదు. గొర్రె అయినా, మనిషి అయినా ముందు అక్కడికే పోతారు. గొర్రెలు గుంటలో మూతులు ముంచి, చెక్క జావ అంటిన గడ్డి కొరుకుతున్నాయి.

ముసలాయన కర్ర విసిరి వాటిని మళ్ళించాడు. తరువాత కుప్పలను చూస్తూ నిలబడ్డాడు.

"ఇవి ఎప్పటికెల్లి ఈడున్నయి? ముందట ఉంటుండె గద."

"తొట్టికి జాగా కావాలని..."

"ఎవడు జరిపిచ్చిండు?"

నోటుపుస్తకంలోనే ఉంది, నాలుగో అంశం, టిక్కుతో సహా. "నేనే," అన్నాను.

ఆయన విసిరిన కర్ర తెచ్చుకోవడానికి కిందికి దిగాడు. భార్య మాత్రం నెత్తిమీది మూట దించి, "నీళ్ళు మంచిగ చేస్తమని గింత పెద్ద తొట్టి కట్టి, ఇసం తెచ్చి ఒర్రె ఒడ్డుకు పోసిన్రు. మీ సదువు మాకెప్పుడొస్తది సారూ," అంది.

మరునాడు సేటుకు చెప్పాను. తప్పు నీళ్ళది కాదు, గొర్రెల కాపరిదీ కాదు, కుప్పలది అని. కుప్పలను తిరిగి రోడ్డు వైపు, ఎత్తు మీదికి మార్చి, మీద రేకులు వేయాలని, మిల్లు వెనక కంచె వేయాలని మూడు అంశాలు రాసి ఇచ్చాను.

"అచ్ఛా," అన్నాడు సేటు. "వచ్చే నెల దొర వస్తాండు. తొట్టి ముందట నిలవడి ఫోటో దిగుతడంట. ఆ ఫోటోల చెక్క కుప్పలు పడాల్నా? దొర పోయినంక సూద్దాం."

"అప్పటిదాక గొర్రెలు..."

"నా గొర్లే గద సచ్చేది, నీకెందుకు ఫికర్?"

ఈ మాటలో ఒక చిత్రమైన న్యాయం ఉంది. ఆయన మిల్లు విషానికి ఆయన గొర్రెలే చస్తున్నాయి. ఒక భాగస్వామ్యాన్ని మెప్పించడానికి ఇంకొక భాగస్వామ్యాన్ని చంపుకుంటున్నాడు. కాకపోతే రెండో దాంట్లో నష్టాన్ని అవతలివాడి మీదికి తోసే వీలుంది.

దొర వచ్చాడు. పొడుగ్గా, ఎండకు ఎర్రబడి, చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి. కంపెనీ తరఫున భాగస్వాముల మిల్లులన్నీ చూసుకుంటూ తిరుగుతున్నాడట. తొట్టి చూసి చాలా సంతోషించాడు. గోనె చుట్టిన పైపుల దగ్గర ఒక్క క్షణం ఆగి, నన్ను ఏదో అడగబోయి మానేశాడు. సేటు దండ వేశాడు. మెడలో కెమెరా ఉన్న మనిషి సిద్ధమయ్యాడు.

అప్పుడు ముసలాయన, భార్య గేటు లోపలికి వచ్చారు. ఆయన చేతిలో మోదుగాకు పొట్లం, ఎంత కాచినా ఒక గొర్రె గుంట దిక్కు తప్పించుకుపోయిందన్నమాట. దసరా ఇంకా నెల పైనే ఉంది.

"ఎవరీయన?" అని దొర ఇంగ్లీషులో అడిగాడు.

"పనోడని చెప్పు," అన్నాడు సేటు.

"నేను పనోన్ని ఎట్లయిత సేటూ?" ముసలాయన గొంతు పెంచాడు. "నీకు పాలోన్ని. ఊరంత ఎరుక. కాదను జర."

రైతులు, హమాలీలు చుట్టూ చేరారు. వాళ్ళ ముందు కాదనడం సేటు వల్ల కాలేదు. ఊళ్ళో పాలు ఇచ్చి కాదన్నవాడి మాట మళ్ళీ ఎవరూ నమ్మరు. నేను దొరకు చెప్పాను: ఈయన సేటుగారి భాగస్వామి, మిల్లులో కాదు, గొర్రెల్లో. పద్ధతి వివరించాను. దొర చాలా శ్రద్ధగా విన్నాడు. చెవి సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. మా ఒప్పందంలో కూడా ఇలాంటి నిబంధన ఒకటి ఉండవలసింది అన్నాడు. అది హాస్యమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తరువాత చేయి చాచి ముసలాయన చేయి ఊపి, "తొట్టి మీద ఈయన అభిప్రాయం ఏమిటి?" అని అడిగాడు.

నేను అడిగాను.

"తొట్టికేం, రాజుగారి హవుజు లెక్క ఉన్నది," అన్నాడు ముసలాయన. "నీళ్ళు గూడ మంచియే, సారు చెప్పింది నిజమే. నేనే తప్పన్న. ఎనకకు పోయి కుప్పలు సూడుమను. ఆ కుప్పలు జరిపితె సాలు, తొట్టి లేకున్నా నడుస్తది."

"నీళ్ళు మంచిగున్నయంటాండని చెప్పు," అన్నాడు సేటు నా చెవి దగ్గర. "మిగిలింది ఒదిలెయ్యి. అది గూడ అబద్ధం కాదు గద."

కాదు. గోడ మీది నా కాగితం కూడా అబద్ధం కాదు. ఒక్కో వాక్యమూ నిజమైన కాగితంతో ఒక మనిషి మందను లాక్కోవచ్చని ఆ రెండు నెలల్లో నేర్చుకున్నాను. దొరకు మొత్తం చెప్పాను. కుప్పలు జరిపించింది నేనే అని కూడా చెప్పాను. జరిపించిన తేదీ కూడా చెప్పాను, అది అనవసరం.

దొర వెనకకు నడిచాడు. అందరం నడిచాం. ఆయన బూటు ఆ గుంటలో మడమ దాకా దిగింది. బూటు లాక్కుంటూ చాలాసేపు కుప్పలను చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నాకు ఎందుకో ధైర్యం వచ్చింది, ఆయనా నాలాగే జాబితాలున్న మనిషి.

కారు వెళ్ళిపోయాక సేటు గద్దె మీద కూర్చుని లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. చివరికి, "సరే, మంద నీ తాననే ఉండనీ. సచ్చినయి రోగంతోని సచ్చినయనుకుందాం. రోగం ఇద్దరిది. సగం నాది, సగం నీది," అన్నాడు.

"రోగమా?" అంది ఆమె. "ఆ రోగం ఎవలింట్ల పుట్టిందో ఆళ్ళే మొయ్యాలె సేటూ. నా మొగడు కన్నడా ఆ కుప్పల్ని?"

బయట ఉన్న హమాలీలు నవ్వారు. సేటు కూడా, తప్పదన్నట్టు, నవ్వాడు. "నీ నోటికి దండం. పోండ్రి. సచ్చినయన్నీ నా పాలుకే."

"గోడ మీద కాయితం?" అన్నాడు ముసలాయన.

నేను లేచి చింపాను. చినిగేటప్పుడు గోడ సున్నం కొంచెం దానితో వచ్చింది.

రెండు నెలలకు కంపెనీ ఉత్తరం వచ్చింది. భాగస్వాముల మిల్లులన్నిటిలో చెక్క నిల్వను నీటి ప్రవాహానికి దూరంగా, ఎత్తైన అరుగు మీద, పైకప్పు కింద ఉంచాలట. పద్దెనిమిదో అంశం. ఇతర దేశాల మిల్లులకూ పంపారట. ఏడాది చివర కంపెనీ అచ్చువేసిన పుస్తకంలో మా తొట్టి ఫోటో వచ్చింది, దొర, సేటు, దండ. స్థానిక భాగస్వామి సూచనతో ఈ మెరుగుదల సాధ్యమైందని కింద రాశారు. సేటు దాన్ని నాతో నాలుగుసార్లు చదివించుకుని, చట్రం కట్టించి, నేను కాగితం చింపిన చోట వేలాడదీశాడు. ఫోటో అంచున ఒక గొంగడి కొస పడింది. అదేమిటని అడిగిన వాళ్ళకు నీడ అని చెప్పేవాడు.

కుప్పలు రోడ్డు పక్క రేకుల కిందికి చేరాయి. గుంట పూడ్చించాను, కంచె వేయించాను. ఆ తరువాత చెవులు రాలేదు. కానీ నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ ముసలాయన మందను మిల్లు దిక్కు తేలేదు. ఒర్రెకు అడ్డంగా దాటి, పడమర గట్టు చుట్టూ అరమైలు తిప్పి తోలేవాడు. ఒకరోజు ఎదురై అడిగాను.

"ఇప్పుడంతా బాగు చేసినం కదా కాకా. ఇంకా ఎందుకు చుట్టు తిరుగుతవు?"

"నువ్వు చేసినవు, నాకు ఎరుకే," అన్నాడు. "నీ మీద నాకు నమ్మకమే సారూ. ఇవి నా గొర్లు సగమే గద, సగం సేటుయి. పరాయి సొత్తు, జర పైలంగ మేపాలె."

మంద ఆయన వెనక పడమర గట్టు ఎక్కింది.